విశ్వాసము, సత్క్రియలు: క్రైస్తవ చరిత్రలో ఒక వివాదము

దానము చేసిన పుణ్యము వచ్చునన్న మాట మన దేశమున ఎన్నడును ఋజువు కోరని మాట. చెరువు త్రవ్వించిన వారును, సత్రము కట్టించిన వారును, గుడికి అఖండదీపము పెట్టించిన వారును తమ తల్లిదండ్రులకు పుణ్యముగా ఆ ధర్మము చేసితిమని శాసనములందు చెక్కించిరి. తెలుగు శాసనములను చదువువారికి ఈ పద్ధతి సుపరిచితము. ధర్మకార్యమునకు ఫలము కలదు. ఆ ఫలము కర్తకు చెందును. కర్త కోరినచో దానిని తన వారికి ధారపోయవచ్చును. పదునారవ శతాబ్ది ఆరంభము వరకు పశ్చిమ ఐరోపాలోని క్రైస్తవులకును ఇంచుమించుగా ఇట్టి భావమే ఉండెను. ఆ కాలమున ఒక సన్న్యాసి దానమువలన దాతకు మోక్షము లభింపదని చాటెను. అట్లు చాటినప్పుడు దానమేమగును? ఫలము లేని దానమును ఎవరు చేయుదురు? దాత వాకిట నిలిచిన బీదవాని గతి యేమగును? ఈ ప్రశ్నలకు చరిత్ర చెప్పిన సమాధానమును పరిశీలించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఈ విషయమున రెండు దురభిప్రాయములు లోకమున వ్యాపించియున్నవి. ప్రొటెస్టంటులు విశ్వాసమొక్కటి చాలునని సత్క్రియలను త్రోసివేసిరనునది మొదటిది. కథోలికులు సత్క్రియలతో మోక్షమును కొనవచ్చునని బోధించిరనునది రెండవది. ఉభయ పక్షముల ప్రమాణ గ్రంథములను చూచిన వారికి ఈ రెండును నిలువవని తెలియగలదు. సత్క్రియ చేయవలెనా, మానవలెనా అన్నచోట వారికి భేదము లేదు. చేసిన సత్క్రియ ఎవరికి చెందును అన్నచోట భేదము కలదు. అది కర్త యొక్క మోక్షమునకు సాధనమా, లేక పొరుగువాని అక్కరకు మాత్రమే చెందినదా? వివాదమునకు ఆయువుపట్టు ఇదియే అని మేము తలంచుచున్నాము. మతసిద్ధాంతమున ఎవరిది సత్యమని తీర్పు చెప్పుట చరిత్రకారుని పని కాదు గనుక అందులకు మేము పూనుకొనుట లేదు.

వివాదమునకు మూలము క్రైస్తవ ధర్మగ్రంథమునందే కలదు. అపొస్తలుడైన పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో మనుష్యుడు ధర్మశాస్త్రమును ఆచరించుటవలన గాక విశ్వాసమువలన దేవుని యెదుట నీతిమంతుడగునని బోధించెను. యాకోబు పత్రిక క్రియలు లేని విశ్వాసము మృతమైనదని చెప్పుచు, మనుష్యుడు విశ్వాసమాత్రముచేత నీతిమంతుడు కాడని స్పష్టముగా పలికెను. విశేషమేమనగా ఇరువురును అబ్రాహామునే దృష్టాంతముగా గైకొనిరి. అబ్రాహాము దేవుని మాటను నమ్మెను, ఆ నమ్మికయే అతనికి నీతిగా ఎంచబడెను అను ఆదికాండ వాక్యమును ఇరువురును ఉదాహరించిరి. పౌలు దానిని విశ్వాసమునకు ప్రమాణముగా చూపెను. యాకోబు అబ్రాహాము తన కుమారుని బలిపీఠముపై అర్పింపబూనిన ఘట్టమును దానికి జోడించి క్రియలకు ప్రమాణముగా చూపెను. పౌలు ఎదుట నున్నవారు తమ ఆచారమును చూచుకొని అతిశయించువారు. యాకోబు ఎదుట నున్నవారు ఆకలిగొన్న సోదరునకు అన్నము పెట్టక మంచి మాటలు మాత్రము చెప్పి పంపువారు. రోగములు వేరైనందున మందులును వేరైనవని పెక్కుమంది వ్యాఖ్యాతలు సమన్వయించిరి. కాని సమన్వయముతో తృప్తిపడని కాలములు తరువాత వచ్చెను.

అయిదవ శతాబ్ది ఆదిలో పెలాగియుసు అను బోధకుడు మనుష్యుడు తన యిచ్ఛాశక్తిచేతనే దేవుని ఆజ్ఞలను నెరవేర్పగలడని బోధించెను. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగరమునకు బిషప్పుగా నుండిన అగస్తీను దానిని ఖండించెను. మనుష్యుని మంచితనము కూడ దేవుడు ఉచితముగా నిచ్చిన కృపాఫలమే యనియు, దేవుడు భక్తుని యోగ్యతను సన్మానించునపుడు తానిచ్చిన వరమునే సన్మానించుచున్నాడనియు అగస్తీను సిద్ధాంతము. 418లో కార్థేజి నగరమున కూడిన సభ పెలాగియుసు బోధను నిరాకరించెను. అప్పటినుండి పశ్చిమ క్రైస్తవ సంఘమున కృపయే ముందు అను సూత్రమును బహిరంగముగా ఎవరును కాదనలేదు. మధ్యయుగ పండితులును కృపచే ప్రేరితమైన క్రియకే ఫలము కలదని చెప్పిరి. అయినను పదునైదవ శతాబ్ది అంతమున గబ్రియేలు బీల్ వంటి వేదాంతులు, మనుష్యుడు తన శక్తికొలది చేయదగినది చేసినచో దేవుడు తన కృపను నిరాకరింపడని బోధించిరి. ఈ మాట విని, నేను నా శక్తికొలది చేసితినా అని తన్ను తాను ప్రశ్నించుకొన్న భక్తునకు సమాధానము దొరకకుండెను.

సిద్ధాంతము పండితులది, ఆచారము ప్రజలది. ఆకలిగొన్నవానికి అన్నము, దప్పిగొన్నవానికి నీరు, దిగంబరునకు వస్త్రము, పరదేశికి ఆశ్రయము, రోగికి పరామర్శ, బందీకి ఊరట అను ఆరు కార్యములు మత్తయి సువార్తలో చెప్పబడినవి. మృతులను పాతిపెట్టుటను వీనికి చేర్చి మధ్యయుగ క్రైస్తవులు ఏడు కరుణాకార్యములుగా పరిగణించిరి. ధనవంతుడు దానము చేయును. బీదవాడు దాత ఆత్మకొరకు ప్రార్థించును. ఈ విధముగా ఇరువురకును ఒకరితో ఒకరికి పని కలిగెను. బర్గండీ ప్రభువునకు మంత్రియైన నికొలా రోలాఁ 1443లో బోన్ పట్టణమున బీదరోగులకొరకు గొప్ప వైద్యశాలను స్థాపించుచు, ఐహిక సంపదను పారలౌకిక సంపదగా మార్చుకొను కోరికను తన స్థాపన పత్రమునందే వెల్లడించెను. మన శాసనములకును దానికిని భావమున దూరము స్వల్పము. ఆ వైద్యశాల కొన్ని శతాబ్దులపాటు బీదలకు సేవ చేసెను. కావున పుణ్యాపేక్షతో చేసిన దానము నిష్ఫలమని చరిత్ర చెప్పదు.

అయినను ఈ భావమునందే ఒక అపాయమును కలదు. ఫలము దాతకు చెందునపుడు, ఫలమెక్కువ వచ్చు మార్గమును దాత వెదకును. పాపి క్షమింపబడిన పిమ్మటను అనుభవింపవలసిన తాత్కాలిక దండన యొకటి మిగులుననియు, భూమిమీద తీరని దానిని మరణానంతరము శుద్ధిస్థలమున అనుభవింపవలెననియు సంఘము బోధించుచుండెను. ఆ దండనను తగ్గించు అధికారము పోపునకు కలదని నమ్మి, ధనమిచ్చినవారికి దండవిమోచన పత్రములను ఇచ్చు ఆచారము పెరిగెను. జర్మనీలో 1514లో మైంజు ఆర్చిబిషప్పు పదవిని పొందిన ఆల్బ్రెక్టు, ఒకటికి మించిన బిషప్పు పీఠములను ఏకకాలమున వహించుటకు రోమునకు చెల్లింపవలసిన పెద్దమొత్తమును ఆగ్స్‌బుర్గు నగరమునందలి ఫుగ్గరు వర్తకుల యొద్ద అప్పు తెచ్చెను. రోములో పేతురు దేవాలయ నిర్మాణము పేరిట పోపు పదియవ లియో ప్రకటించిన దండవిమోచన పత్రములు ఆల్బ్రెక్టు అధికార ప్రాంతమున అమ్ముడుపోవునట్లును, వచ్చిన ధనములో సగము రోమునకును సగము ఫుగ్గరుల అప్పునకును పోవునట్లును ఏర్పాటు జరిగెను. టెట్జెల్ అను ప్రచారకుడు ఊరూర ఆ పత్రములను ప్రకటించెను. పత్రము కొన్నవారిలో పెక్కుమందికి ఈ అప్పు సంగతి తెలియదు.

ఆ ఫుగ్గరు వర్తకులలో ముఖ్యుడైన యాకోబు ఫుగ్గరు ఆ సంవత్సరములలోనే ఆగ్స్‌బుర్గులో బీదపౌరులకొరకు గృహములను కట్టించెను. ఫుగ్గరై అను ఆ నివాసవాటికకు 1521లో స్థాపన పత్రము వ్రాయబడెను. సాలుకు ఒక రైనిషు గుల్డెను మాత్రమే అద్దె. దానితోపాటు నివాసులు ప్రతిదినమును స్థాపకుని కుటుంబముకొరకు మూడు ప్రార్థనలు చేయవలెను. ఆ వాటిక నేటికిని నిలిచియున్నది. నాటి అద్దెయే నేటి నాణెమున ఒక యూరోకు లోబడి వసూలగుచున్నది. ఒకే వర్తకుని ధనము ఒకవంక పత్రముల విక్రయమునకును, మరియొకవంక బీదల యిండ్లకును కారణమైనది. పుణ్యభావము యొక్క దోషమును గుణమును ఇంత స్పష్టముగా ఒక్కచోట చూపు ఉదాహరణము అరుదు.

1517 అక్టోబరు 31వ తేదీన విటెన్‌బెర్గు విశ్వవిద్యాలయమున వేదాంతాచార్యుడైన మార్టిన్ లూథరు ఈ పత్రములపై తొంబదియైదు ప్రతిపాదనలను వెలువరించెను. లూథరు అగస్తీను పేరిట వెలసిన సన్న్యాస సంఘమునకు చెందినవాడు. ఆ ప్రతిపాదనలలో విశ్వాసమును గూర్చిన సిద్ధాంతము ఇంకను పూర్ణరూపము దాల్చలేదు. బీదవాని ప్రస్తావన మాత్రము అందు ముమ్మరముగా కలదు. పత్రము కొనుటకంటె బీదకు దానమిచ్చుటయో, అక్కరగలవానికి అప్పిచ్చుటయో మేలని నలువదిమూడవ ప్రతిపాదన. అక్కరగలవానిని చూచియు దాటిపోయి పత్రమునకు ధనమిచ్చువాడు దేవుని కోపమునకు పాత్రుడగునని నలువదియైదవది. అనగా ఆరంభమున లూథరు దండవిమోచన పత్రమునకు ప్రతిగా నిలిపినది సత్క్రియనే. ఈ అంశమును విస్మరించుటవలననే అతడు సత్క్రియలకు శత్రువన్న అపవాదు బయలుదేరెను.

1520లో లూథరు సత్క్రియలనుగూర్చి ఒక గ్రంథమును, క్రైస్తవుని స్వాతంత్ర్యమునుగూర్చి మరియొక గ్రంథమును రచించెను. అందలి తాత్పర్యమును ఇట్లు సంగ్రహింపవచ్చును. మంచి చెట్టు మంచి ఫలములు కాయును గాని, ఫలములు చెట్టును మంచిదిగా చేయజాలవు. దేవుడు మనుష్యుని ఉచితముగా అంగీకరించెను; ఆ మాటను నమ్ముటయే విశ్వాసము. అంగీకరింపబడినవానికి దేవునియొద్ద సంపాదింపవలసినది మరి యేమియు లేదు. కావున అతని చేతులకు తీరిక కలిగినది. అవి యిక పొరుగువానికొరకు పనిచేయవచ్చును. దేవునికి మన సత్క్రియలతో పనిలేదు, పొరుగువానికి కలదు. ఇది లూథరు వాదమునందలి సారము. ఇందు దానము రద్దు కాలేదు. దాని విలాసము మారినది.

అయితే లూథరు తన వాదమును ఒక్కొక్కచో అతిమాత్రముగా బిగించెను. 1522లో వెలువడిన తన జర్మను నూతన నిబంధనలో రోమా పత్రికయందు, గ్రీకు మూలమున లేని “మాత్రమే” అను అర్థమిచ్చు పదమును విశ్వాస శబ్దమునకు చేర్చెను. ప్రతిపక్షులు ఆక్షేపింపగా, జర్మను నుడికారము ఆ పదమును కోరుచున్నదని 1530లో అనువాదముపై వ్రాసిన లేఖలో సమర్థించుకొనెను. ఆ నూతన నిబంధన పీఠికలోనే యాకోబు పత్రికను ఇతర పత్రికలతో పోల్చి గడ్డివంటిదనెను. ఆ మాట అతని ప్రతిపక్షులకు దీర్ఘకాలము ఆయుధముగా నుండెను.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. పుణ్యము పోగా బీదవాని గతి యేమైనది? విటెన్‌బెర్గు పురపాలకులు 1522 జనవరిలో ఒక శాసనమును చేసిరి. సన్న్యాసులు మొదలుకొని ఎవరును భిక్షాటనము చేయరాదు. మఠముల ఆదాయమును, చందాలును ఒక ఉమ్మడి పెట్టెలో చేర్చి, అందుండి బీదలను పోషింపవలెను. బీద పనివాండ్రకు అప్పులియ్యవలెను. మరుసటి సంవత్సరము లైస్నిగు పట్టణము ఇట్టి నిబంధనలనే విపులముగా వ్రాసికొనగా, లూథరు దానికి పీఠిక వ్రాసెను. ఆ పెట్టెకు నాలుగు వేర్వేరు తాళములు. దానిని నిర్వహించువారు పదుగురు: ప్రభువర్గమునుండి ఇరువురు, పురపాలక సభనుండి ఇరువురు, పట్టణ సామాన్యులనుండి మువ్వురు, చుట్టుపట్ల పల్లెల రైతులనుండి మువ్వురు. వారు ఆదివారమునాడు కూడి లెక్కలు చూడవలెను. అంతవరకు దాత ఎవరిని తలచిన వారికి ముట్టిన దానము ఇప్పుడు లెక్కలోనికి వచ్చెను. బీదవాడు దాత ఆత్మకొరకు ప్రార్థింపవలసిన అవసరము తప్పెను. అతని అక్కర తక్క మరియొక అర్హత అతనికి వలసినది కాదు. లూథరు సహచరుడైన బూగెన్‌హాగెను బ్రౌన్‌ష్వైగు, హాంబుర్గు, ల్యూబెకు నగరములకును, పిమ్మట డెన్మార్కు రాజ్యమునకును వ్రాసిన సంఘవిధులలో బీదల పెట్టెకు స్థానము కల్పించెను.

ఈ చరిత్రను సిద్ధాంతము సాధించిన విజయముగా మాత్రమే వర్ణించుట న్యాయము కాదు. లైస్నిగులో పురపాలకులు ధర్మనిధులపై తమ అధికారమును వదలుకొననందున ఏర్పాటు వ్రాతలోనే చాలవరకు నిలిచిపోయెను. ప్రజలు వెనుకటివలె ఈయకున్నారని లూథరు తన తరువాతి ప్రసంగములలో పలుమారు వాపోయెను. భిక్షాటన నిషేధమువలన పరదేశి బీదలు ఊరినుండి వెడలగొట్టబడిరి. మరియొక సంగతి. కథోలిక నగరమైన ఈప్రు 1525లో ఇంచుమించుగా ఇట్టి ఉమ్మడి ఏర్పాటునే చేసికొనెను. కథోలిక పండితుడైన వివెసు 1526లో బ్రూజు నగరపాలకులకు అంకితముగా బీదల పోషణపై గ్రంథమును రచించి, ఇది పురపాలకుల బాధ్యతయని వాదించెను. నగరములు పెరుగుటయు, ధరలు హెచ్చుటయు, భిక్షుకుల సంఖ్య మించుటయు ఉభయ పక్షములను ఒకే మార్గమునకు త్రిప్పినవి. కావున ఉమ్మడి పెట్టెను సృజించినది కేవలము లూథరు సిద్ధాంతమే అని చెప్పరాదు. ఆ పెట్టెలో వేసిన నాణెమునకు అర్థమేమని అడిగినప్పుడే సిద్ధాంతభేదము కనబడును.

ఆ అర్థమును నిర్ణయించుటకు రెండు పక్షములును శ్రమపడినవి. 1530లో ఆగ్స్‌బుర్గు సభకు సమర్పింపబడిన లూథరనుల విశ్వాస ప్రకటన, సత్క్రియలు చేయక తీరదనియు, వానివలన కృపను సంపాదింతుమని నమ్మరాదనియు చెప్పెను. 1541లో రేగెన్స్‌బుర్గున ఉభయ పక్షముల పండితులు కూడి ఈ ఒక్క విషయముపై ఏకవాక్యతకు వచ్చిరి. కాని ఆ వాక్యమును రోమును అంగీకరింపలేదు, లూథరును అంగీకరింపలేదు. 1547 జనవరి 13వ తేదీన ట్రెంటు మహాసభ పదునారు అధ్యాయములును, ముప్పదిమూడు ఖండన సూత్రములును గల తీర్మానమును వెలువరించెను. మనుష్యుడు కృప లేకుండ స్వశక్తిచే నీతిమంతుడు కాగలడనువానిని అందలి మొదటి సూత్రమే ఖండించుచున్నది. పిమ్మట విశ్వాసము ప్రేమతో కూడియుండవలెననియు, కృపను పొందినవాని సత్క్రియలు కృపను వృద్ధిచేయుననియు, నిత్యజీవము అతనికి వరమును బహుమానమును కూడ అగుననియు సభ నిర్ణయించెను. ఆ మహాసభయే 1563లో దండవిమోచనము పేరిట జరుగు ధనార్జనను నిషేధించెను.

లూథరు మరణానంతరము అతని అనుచరులే ఈ విషయమున చీలిరి. గేయోర్గు మాయోరు 1552 ప్రాంతమున మోక్షమునకు సత్క్రియలు ఆవశ్యకములనెను. ఆమ్స్‌డోర్ఫు దానికి ప్రతిగా సత్క్రియలు మోక్షమునకు హానికరములనునంత దూరము పోయెను. 1577లో రచింపబడిన ఐకమత్య సూత్రము ఈ రెండు వాక్యములను నిరాకరించి, సత్క్రియలు విధిగా చేయదగినవే గాని మోక్షమునకు హేతువులు కావని నిర్ణయించెను. తన పక్షమువాడే హద్దు మీరినపుడు అతనిని సరిదిద్దుట రెండు పక్షములకును తప్పలేదు.

తరువాతి శతాబ్దిలో జర్మను లూథరను సంఘములందు సిద్ధాంతము శుద్ధముగా నుండి జీవితము శుష్కించినదన్న అసంతృప్తి బయలుదేరెను. ష్పేనెరు అను బోధకుడు 1675లో సంస్కరణోద్దేశములను ప్రకటింపగా, అతని మార్గమున నడచిన ఫ్రాంకె హాలే నగరమునకు చెంత గ్లౌఖా గ్రామమున గురువుగా నుండెను. 1695లో తన యింటి దానపుపెట్టెలో ఒకరు వేసిన నాలుగు టాలెరుల పదునారు గ్రోషెనులను చూచి, ఆ ధనముతో బీదపిల్లలకు బడి పెట్టెను. 1698లో అనాథాశ్రమ భవనమునకు పునాది పడెను. 1727లో అతడు మరణించునాటికి ఆ సంస్థలలో రెండువేలకు పైగా పిల్లలు చదువుకొనుచుండిరి. విశ్వాసముచేతనే మోక్షమను సూత్రమును ఫ్రాంకె ఎన్నడును విడువలేదు. బీదపిల్లవాని అక్కరయందు కనబడని విశ్వాసము సందేహింపదగినదని మాత్రము అతని జీవితము చాటెను.

ఈ హాలే నగరముతో తెలుగు భాషకు గల సంబంధము మన విద్యార్థులు మరువదగినది కాదు. డెన్మార్కు రాజు ప్రేరణచే 1706లో తరంగంబాడికి వచ్చిన జీగెన్‌బల్గు హాలేలో చదివినవాడు. 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ పిమ్మట చెన్నపట్టణము చేరి తెలుగు నేర్చి, ఆ భాషకు లాటినున వ్యాకరణము వ్రాసెను. 1743లో స్వదేశమునకు మరలి హాలేలో తెలుగు అచ్చుకు పూనుకొనెను. 1746లో ప్రశ్నోత్తర రూపమైన లఘు మతబోధినియు, 1747లో క్రైస్తవునకు తగిన నడవడిని తెలుపు పొత్తమును ముద్రితములయ్యెను. తెలుగులో తొలి ముద్రిత గ్రంథములు ఇవియే. ఒకటి విశ్వాసమును బోధించును, మరియొకటి నడవడిని బోధించును. ఐరోపాలో రెండు శతాబ్దులు సాగిన వివాదము యొక్క రెండు కొనలును మన తొలి అచ్చు పుస్తకములందు ప్రక్కప్రక్కన నిలిచియుండుట గమనింపదగినది.

పందొమ్మిదవ శతాబ్దిలో ఆంధ్రదేశమున ఈ ప్రశ్నయే తలక్రిందుగా ఎదురయ్యెను. 1876 నుండి 1878 వరకు దక్షిణ భారతమును పీడించిన ధాతకరవులో ఒంగోలునందలి బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. వారిలో మాదిగలు అధికసంఖ్యాకులు. పెక్కుమంది బాప్తిస్మము కోరిరి. కూలికొరకు మతము పుచ్చుకొనిరన్న మాట రాకూడదని క్లౌ ఒక సంవత్సరమునకు మించిన కాలము ఎవరికిని బాప్తిస్మమీయలేదు. సహాయకార్యము ముగిసిన పిదప 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కదినమున 2222 మంది బాప్తిస్మము పొందిరి. కరవు తీరినంతమాత్రమున ఆశలన్నియు తీరునా అని సంశయించువారికి ఈ సంఖ్య ఏమియు నిరూపింపదు. అంటరానివారుగా చూడబడిన జనులు గౌరవమును కోరుటయు అందు కలదు. ఆ కోరిక తప్పనరాదు. మేము గుర్తింపగోరినది ఆ నిరీక్షణ కాలమును. ధనముతో క్షమను కొనరాదని 1517లో లూథరు వాదించెను. అన్నముతో విశ్వాసమును కొనరాదని ఒంగోలున ఆ నిరీక్షణ చెప్పకయే చెప్పినది. రెండుచోట్లను కాపాడబడినది ఒక్కటే: ఆకలిగొన్నవానికి పెట్టిన అన్నము అన్నముగానే ఉండవలెను.

1999 అక్టోబరు 31వ తేదీన అదే ఆగ్స్‌బుర్గు నగరమున కథోలిక సంఘ ప్రతినిధులును, లోక లూథరను సమాఖ్య ప్రతినిధులును ఒక ఉమ్మడి ప్రకటనపై సంతకములు చేసిరి. మనుష్యుడు తన యోగ్యతవలన గాక కృపచేతనే, క్రీస్తునందలి విశ్వాసముచే దేవునికి అంగీకృతుడగుననియు, ఆ కృపయే అతనిని సత్క్రియలకు పురికొల్పుననియు దాని సారము. గుంటూరు కేంద్రముగా గల ఆంధ్ర సువార్త లూథరను సంఘము ఆ సమాఖ్యలో సభ్యసంఘమే. 2006లో మెథడిస్టులును, 2017లో విటెన్‌బెర్గుననే సంస్కృత సంఘముల కూటమియు ఆ ప్రకటనతో ఏకీభవించిరి. భేదములన్నియు సమసిపోయినవని ఆ పత్రము చెప్పలేదు. మిగిలిన భేదములు పరస్పర ఖండనమునకు కారణములు కావని మాత్రమే చెప్పినది.

మిగిలిన భేదములలో ముఖ్యమైనది ఒక క్రియాపదము యొక్క అర్థము. పౌలు వాడిన గ్రీకు పదమునకు న్యాయాధిపతి ఒకని నిర్దోషియని ప్రకటించుట అను అర్థమును లూథరనులు ప్రధానముగా గ్రహించిరి. దానికి సమానమైన లాటిను పదమున చేయుట అను ధాతువు ఉన్నందున నీతిమంతునిగా చేయుట, మార్చుట అను అర్థమును కథోలికులు గ్రహించిరి. మొదటి అర్థమున మనుష్యునకు తీర్పు దొరకును. రెండవ అర్థమున రూపు మారును. నేడు విస్తారముగా చదువబడు తెలుగు బైబిలులో రోమా పత్రికయందు దీనికి “తీర్చబడు” అను పదము వాడబడినది. తెలుగున తగవు తీర్చుటయు కలదు, ముగ్గు తీర్చుటయు కలదు. మొదటిదానియందు తీర్పు, రెండవదానియందు తీర్చిదిద్దుట. ఐరోపాలో రెండు సంఘములుగా చీలిన అర్థములు మన భాషలో ఒక్క ధాతువునందు ఇమిడియున్నవి. ఆ అనువాదమునందే యాకోబు పత్రికలోని అట్టి వాక్యమున “ఎంచబడు” అను వేరు పదము కనబడును. రోమా పత్రికలోని విశ్వాస శబ్దముపై ఏవార్థకము నిలిచి, లూథరు చేర్చిన పదము చేసిన పనినే చేయుచున్నది. అనువాదకులు ఈ విశేషములను బుద్ధిపూర్వకముగా చేసిరో లేదో మేము నిర్ణయింపబూనము. మన భాషాసంపద ఈ వివాదమునకు ఒక వ్యాఖ్యానముగా అమరినదని మాత్రము చెప్పుదుము.

ఇంతవరకు పరిశీలించిన చరిత్రవలన తేలిన దేమనగా, పుణ్యము కోరి చేసిన దానమును బీదవానికి అన్నము పెట్టినది; పుణ్యము కోరక చేసిన దానమును అన్నము పెట్టినది; రెండును ఒక్కొక్కచో తప్పుదారి పట్టినవి. మొదటిది దారి తప్పినపుడు బీదవాడు దాత మోక్షమునకు సోపానమాత్రుడయ్యెను. రెండవది దారి తప్పినపుడు విశ్వాసము వట్టి మాటయై బీదవాడు వాకిటనే నిలిచిపోయెను. లూథరనులలో ఫ్రాంకె వంటివారును, కథోలికులలో వివెసు వంటివారును తమ తమ పక్షముల దోషమును సవరించుటకై బీదవాని ముఖమునే చూచిరి. క్రియ ఎవరిదను ప్రశ్నకు వేదాంతులు ఇచ్చు ఉత్తరము ఏదైనను, దాని ఫలమును మొదట చవిచూడవలసినవాడు ఆకలిగొన్నవాడే. ఉభయ వాదములను చరిత్ర పరీక్షించిన గీటురాయి ఇదియే అని మా యభిప్రాయము.